ఈ జనవరి 1న బొకే వద్దు, పండు తెమ్మనండి

రెండు తెలుగు రాష్ట్రాల జిల్లా కలెక్టర్ గార్లకు,



డిసెంబర్ ఆఖరి వారం వచ్చిందంటే మీ క్యాంపు క్లర్కులకు రెండు పనులు పడతాయి. జనవరి 1న మీరు క్యాంపు ఆఫీసులో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉంటారో జిల్లా అధికారుల వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఒకటి. "బొకేలు, శాలువాలు వద్దు, నోటు పుస్తకాలు తెండి" అని విలేకరులకు ప్రకటన పంపడం రెండోది. ఈ రెండో పని అన్ని జిల్లాల్లో జరగదు గానీ, కొన్నేళ్ళుగా చాలామంది కలెక్టర్లు చేస్తున్నారు. పుస్తకాల బదులు దుప్పట్లు అడిగినవాళ్ళూ ఉన్నారు. మంచి పనే. ఈసారి ఆ ప్రకటనలో ఒక్క మాట మార్చమని అడగడానికే ఈ ఉత్తరం. పళ్ళు తెమ్మనండి. మీ జిల్లాలో పండినవి, ఆ వారం బజారులో దొరికేవి, మామూలు వెదురు బుట్టలోనో గుడ్డ సంచిలోనో వేసుకుని రమ్మనండి. పొద్దు గుంకేలోపు అవి మీ జిల్లా సంక్షేమ హాస్టళ్ళకు చేరాలి. నేను అడిగేది ఇంతే. మిగతా ఉత్తరమంతా ఎందుకు, ఎలా అన్న సంగతి.

నేను కలెక్టరేట్ సెక్షన్లలో పనిచేసి రిటైరైన మనిషిని. ఏ జిల్లానో చెప్పను, చెప్పినా పెద్ద తేడా ఉండదు, తంతు అన్నిచోట్లా ఒకటే. తహసీల్దార్లు ఒక జట్టు, ఇంజనీర్లు ఒక జట్టు, రైస్ మిల్లర్లు ఒక జట్టు, ఉద్యోగ సంఘాల వాళ్ళు మూడు జట్లు (వాళ్ళలో వాళ్ళకి పడదు కాబట్టి). లోపలికెళ్ళడం, బొకే అందించడం, ఫోటోకి నవ్వడం, బయటికి రావడం. మీ చేతిలో బొకే ఉండేది ఫోటో పడినంతసేపే. పక్కనున్న దఫేదారు అందుకుని వెనక బల్ల మీద పెడతాడు. బల్ల నిండితే నేల మీద, నేల నిండితే వరండాలో. మధ్యాహ్నానికి జర్బెరాలు మెడలు వాల్చేస్తాయి. వాటిని నిలబెట్టడానికి కాడకు చుట్టిన సన్న తీగ, అడుగున నీళ్ళు పీల్చే ఆకుపచ్చ స్పాంజి, చుట్టూ ప్లాస్టిక్ కాగితం, దానికి రిబ్బను, రిబ్బను మీద షాపు స్టిక్కరు. ఇవన్నీ విడదీసి పెడితే తప్ప క్యాంపు ఆఫీసు వెనక తిరిగే మేకలు కూడా ముట్టుకోవు. మర్నాడు పొద్దున్నే మున్సిపాలిటీ ట్రాక్టరు వస్తుంది.

ఇదేమీ తాతల నాటి ఆచారం కాదు. బొకేలు రాకముందు మన ఆఫీసుల్లో జనవరి 1న చేతిలో పెట్టేది నిమ్మకాయ. గుమాస్తా హెడ్ గుమాస్తాకి, హెడ్ గుమాస్తా తహసీల్దారుకి, అలా పైదాకా. మరీ పెద్ద అధికారైతే ఆపిలో కమలాపండో ఇచ్చేవాళ్ళు. ఆ పూట ఆఫీసు గేటు దగ్గర నిమ్మకాయల గంపతో ఎవరో ఒకావిడ తప్పకుండా కూర్చునేది, పదింటికల్లా గంప ఖాళీ. అధికారి ఇంట్లో ఆ వారం ఊరగాయ పెట్టేవాళ్ళు, మిగిలినవి బంట్రోతుల ఇళ్ళకు పోయేవి. నిమ్మకాయ ఖరీదు తక్కువ. అందుకే ఇచ్చేవాడికి మొహమాటం లేదు, పుచ్చుకునేవాడికి బరువు లేదు. గూడూరులో, ఏలూరులో, నకిరేకల్‌లో నిమ్మ మార్కెట్లు పెట్టుకుని కూర్చున్నవాళ్ళం మనం. ఆ నిమ్మకాయను వదిలేసి ఎక్కడినుంచో ఐసు పెట్టెల్లో వచ్చే పువ్వును ఎందుకు పట్టుకున్నామో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పై నుంచి ఆదేశం లేనిదే కింద కదలదంటారా, అదీ ఉంది. ప్రధాని పర్యటనల్లో బొకేలు ఇవ్వొద్దు, ఇవ్వాలనుకుంటే ఒక్క పువ్వుతో పాటు ఖాదీ చేతిరుమాలో పుస్తకమో చాలు అని 2017లో కేంద్ర హోం శాఖ రాష్ట్రాలన్నిటికీ రాసింది. మీ ప్రోటోకాల్ సెక్షన్‌లో వెతికిస్తే ఆ ఉత్తరం దొరుకుతుంది.

పుస్తకాలు వద్దని కాదు నా మాట. అయితే పుస్తకానికి ఒక లోపం ఉంది. అది పాడవదు. పాడవదు కాబట్టి "తర్వాత పంచుదాం" అంటారు, బీరువాలో పెడతారు, మీకు బదిలీ అవుతుంది, తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. పండు అలా ఆగదు. మీరు మర్చిపోయినా వాసన గుర్తుచేస్తుంది. మూడో రోజుకు మెత్తబడుతుందన్న భయంతోనైనా ఆ రోజే బండి కట్టాల్సి వస్తుంది. ప్రభుత్వ కార్యాలయంలో ఒక వస్తువు అనుకున్న రోజే అనుకున్న చోటికి చేరాలంటే అది కుళ్ళిపోయే వస్తువై ఉండాలన్నది నా సర్వీసులో నేర్చుకున్న సంగతి.

హాస్టళ్ళకే ఎందుకంటే, అక్కడ పండు తక్కువ గనక. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, రెండు వేల కెలోరీల భోజనానికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్ళు ఉండాలని లెక్క చెప్పింది. వంద గ్రాములంటే ఓ చిన్న జామపండు. గొంతెమ్మ కోరికేం కాదు. కానీ హాస్టల్లో పిల్లవాడికి పండంటే ఎక్కువగా అరటిపండే, అదీ మెనూలో రాసున్న రోజే. జామ, బొప్పాయి, సపోటా, దానిమ్మ లాంటివి చాలావరకు వాళ్ళు సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు తినాల్సిందే, అదీ ఇంట్లో చెట్టుంటే. దానిమ్మ ఒలిచే ఓపిక వార్డెన్‌కి ఉండదంటారేమో. పిల్లల చేతికివ్వండి, గింజ కింద పడకుండా ఒలుస్తారు.

జామ సంగతి వచ్చింది కాబట్టి ఒక లెక్క చెప్పి ముందుకెళ్తాను. అదే సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో చూస్తే, 100 గ్రాముల జామపండులో సి విటమిన్ 200 మిల్లీగ్రాములకు పైనే ఉంది. ఆపిల్‌లో పది మిల్లీగ్రాములు కూడా లేదు. ధరలు మాత్రం తలకిందులు. జనవరిలో జామ రోడ్డు పక్కనే గుట్టలుగా ఉంటుంది, ఆపిలేమో ఎప్పుడో ఆగస్టు నుంచి అక్టోబర్‌లోపు కోసి చల్లటి గిడ్డంగిలో దాచినది. అయినా పెద్దమనిషి దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆపిలే కొంటాం. జామపండు పట్టుకెళ్తే చిన్నతనంగా ఉంటుందని. ఈ చిన్నతనం ఒక్క ప్రకటనతో పోతుంది. అది మీ చేతిలో ఉంది.

పళ్ళు తెమ్మంటే వచ్చే చిక్కు ఒకటుంది. జనం నేరుగా పళ్ళ దుకాణానికి వెళ్ళి "ఒక ఫ్రూట్ బాస్కెట్ కట్టు" అంటారు. అది ఎలా కడతారో ఒకసారి దగ్గర నిలబడి చూడాలి. ముందు బుట్టలో సగం దాకా నలిపిన పాత పేపర్లు కుక్కుతాడు. వాటి మీద రంగు కాగితపు పీచు. వెనక వరసలో రెండు ఆపిళ్ళు, స్టిక్కరు మనవైపు తిరిగేలా. పక్కన ఒక డ్రాగన్ ఫ్రూట్, అది లేకపోతే బుట్టకు రేటు రాదు. నాలుగు కివీలు, తెల్ల వల తొడిగిన పియర్ పండొకటి, సందుల్లో కమలాలు, ముందు వైపు వేలాడేలా ద్రాక్ష గుత్తి. కదలకుండా అక్కడక్కడ టేపు. మొత్తం చుట్టూ తళతళలాడే ప్లాస్టిక్ కాగితం, పైన ముడి, ముడి మీద పువ్వులా విప్పిన రిబ్బను. చూపులకు నిండుగా ఉంటుంది, తూకానికి పెడితే పళ్ళు రెండున్నర మూడు కిలోలు దాటవు. తెల్లారి విప్పితే లోపల చెమ్మ పట్టి ద్రాక్షలు జారిపోతుంటాయి, కివీలు మాత్రం రాళ్ళలా ఉంటాయి. ఇంట్లో మామ్మగారు డ్రాగన్ ఫ్రూట్‌ని ఇటు తిప్పి అటు తిప్పి "దీన్ని ఎటునుంచి కొయ్యాలే?" అంటుంది.

డ్రాగన్ ఫ్రూట్ మీద నాకు పగేం లేదు. ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లోనూ స్తంభాలు పాతి పండిస్తున్నారు. కాకపోతే దాని కాపు జూన్ నుంచి నవంబర్ వరకు. ఆ నెలల్లో మీ జిల్లా రైతు తెచ్చిస్తే కళ్ళకద్దుకుని తీసుకోండి. ఆపిల్ మీద కూడా కోపం లేదు. కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో ఒక రైతు ఆపిల్ పండించి, 2020లో ఆ పళ్ళను తీసుకెళ్ళి ముఖ్యమంత్రికి ఇచ్చాడు. బుట్టంటే అదీ. అందులో ఏముందో ఇచ్చినవాడికి తెలుసు, ఎక్కడిదో పుచ్చుకున్నవాడికి తెలుసు.

మీ జిల్లాలో జనవరిలో ఏం దొరుకుతుందో మీ ఉద్యాన అధికారి ఐదు నిమిషాల్లో రాసిస్తారు. నాకు తోచినవి నేను చెబుతాను. జామ, బొప్పాయి, అరటి అన్ని జిల్లాల్లోనూ ఉంటాయి. రేగుపళ్ళు భోగికి ముందే వచ్చేస్తాయి. పిల్లల నెత్తిన పోయడానికి పనికొచ్చిన పండు పిల్లల నోటికి పనికిరాదా? ఉసిరి కాపు చివరలో ఉంటుంది, ఉప్పు కారం అద్దుకుని తినడానికి హాస్టల్లో ఎవరికీ నేర్పక్కర్లేదు. కోనసీమ కలెక్టర్ గారికి రావులపాలెం మార్కెట్ సొంత జిల్లాలోనే ఉంది. చక్రకేళి, అమృతపాణి, కర్పూరం, ఏ గెల కావాలంటే ఆ గెల. అల్లూరి జిల్లాలో లంబసింగి చలికి స్ట్రాబెర్రీ పండుతోంది. మైదానంలో డబ్బాలో పెట్టి అమ్మే ఆ పండును అక్కడి ఆశ్రమ పాఠశాల పిల్లలు ఎందరు తిన్నారో కనుక్కోండి. రైల్వే కోడూరు చుట్టూ ఉన్నవే బొప్పాయి, అరటి తోటలు. అనంతపురం సంగతి సరే సరి. చీనీ, దానిమ్మ, అరటి, ఏదంటే అది. 2020 సెప్టెంబర్‌లో అక్కడి నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు నిండా పళ్ళెక్కించి పంపారు. ఢిల్లీకి చేరగలిగిన పండు అదే ఊళ్ళో బీసీ హాస్టల్‌కి చేరడం కష్టమేమీ కాదు. గోదావరి జిల్లాల్లో ఎవరైనా తేగల కట్ట తెస్తే పండు కాదు కదా అని వెనక్కి పంపకండి. ఉడికించిన తేగ ఆ నెలలో తినకపోతే మళ్ళీ ఏడాదికే.

మామిడి లేని నెలలో పళ్ళ పండుగ పెట్టమంటున్నావేమిటని బనగానపల్లెనున్న నంద్యాల వారు, నూజివీడున్న ఏలూరు వారు, కొల్లాపూర్ ఉన్న నాగర్‌కర్నూల్ వారు, జగిత్యాల వారు అడగొచ్చు. నిజమే. మీకు ఏప్రిల్, మే నెలలున్నాయి, బదిలీలూ అప్పుడే ఉంటాయి. కొత్త కలెక్టర్ బాధ్యతలు తీసుకున్న రోజున బొకేల వరద మళ్ళీ మొదలవుతుంది. జూన్ 2న తెలంగాణలో అవతరణ వేడుకలు. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు గోడ మీద పటంగా ఉండిపోకుండా మే నెలలో వచ్చిన ప్రతి అతిథి చేతిలో రెండు కాయలుగా ఉండొచ్చు. రసాలైతే ఇంకా మంచిది, శాలువా కప్పుకుని తినలేరు కాబట్టి శాలువా కూడా తప్పుతుంది.

చిత్తూరు కలెక్టర్ గారికి మాత్రం వేరే మాట. 2025 వేసవిలో తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 ఇవ్వాలని నిర్ణయించాల్సి వచ్చింది. ఫ్యాక్టరీ గేట్ల ముందు ట్రాక్టర్ల వరసలు అందరం చూశాం. తోతాపురిని కానుకల బుట్టలో ఎవరూ పెట్టరు, అది గుజ్జుకే అన్న పేరు పడిపోయింది. బుట్టలతో ఆ పంట బరువు తీరుతుందని నేను చెప్పను, చెబితే నవ్వుతారు. లక్షల టన్నుల సంగతి అది. అయితే చెట్టున మాగనిచ్చిన తోతాపురిని ముక్కలు కోసి పెడితే ఎలా ఉంటుందో మన ఊళ్ళ పిల్లలకు తెలుసు, బస్టాండులో ఉప్పు కారం చల్లి అమ్మే పచ్చి ముక్కలూ దానివే. కాన్వాయ్ ఆపి ఒక్క ముక్క తిని ఫోటో దిగండి. ఆ ఫోటోకి నాకు అభ్యంతరం లేదు.

అసలు భయం మరొకటి ఉంది, అది చెప్పకుండా దాటేస్తే ఈ ఉత్తరం నిజాయితీగా ఉండదు. పళ్ళబుట్ట ఎప్పుడూ అమాయకంగా లేదు. తెల్లదొరల కాలంలో క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ దొరగారి బంగళాకు డాలీలు వెళ్ళేవి. వెడల్పు పళ్ళేల్లో పళ్ళు, పూలు, మిఠాయిలు పేర్చి జమీందార్లూ కాంట్రాక్టర్లూ పోటీ పడి పంపేవాళ్ళు. ఉద్యోగులు కానుకలు పుచ్చుకోకూడదన్న నియమం వచ్చాక కూడా పూలూ పళ్ళ వంటి చిన్నా చితకా వాటికి సడలింపు ఉండేది. సందు దొరికితే మనవాళ్ళు ఊరుకుంటారా? పళ్ళ అడుగున ఇంకేవో చేరాయి. రేపు మీరు పళ్ళు తెమ్మనగానే, ఇసుక రీచ్ ఫైలు మీ బల్ల మీదున్న పెద్దమనిషి కూడా బుట్టతో వస్తాడు. ప్లాస్టిక్ కాగితం చుట్టి, ముడి వేసి, "మేడమ్ ఇంట్లో విప్పుకోండి" అంటాడు.

అందుకే బుట్ట మూత లేనిదై ఉండాలి. చుట్టిన బుట్ట గేటు దాటి లోపలికి రాకూడదు. మనిషికి రెండు కిలోలు మించకూడదు. పండు మీ గదిలోకే రాకూడదు, అసలు. గేటు దగ్గర ఒక బల్ల, ఒక కాటా, సంక్షేమ శాఖ సిబ్బంది ఇద్దరు. వచ్చినవాళ్ళు అక్కడ తూకం వేయించి, గంపలో పోసి, ఖాళీ చేతులతో లోపలికొచ్చి మీకు నమస్కారం పెడతారు. రిజిస్టరులో పండు పేరు, బరువు రాస్తే చాలు, తెచ్చినవాడి పేరు వద్దు. పేరు రాస్తే రెండో ఏడాదికి ఎవరెంత తెచ్చారన్న పోటీ మొదలవుతుంది, ఆ తర్వాత మండలానికింత అని వసూలు మొదలవుతుంది. గ్రామ స్థాయి సిబ్బంది మీద పడుతుంది ఆ ఖర్చు. చివరి మెట్టు మీద ఉన్నవాడి జేబు ఎలా చిరుగుతుందో నేను చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, ఈ నియమం మాత్రం సడలించకండి.

ఇప్పుడు ఆస్పత్రుల దగ్గరకి వస్తాను, ఎందుకంటే మన ప్రజా జీవితంలో పండు కానుకగా ఎక్కువగా కనిపించేది అక్కడే. నాయకుడి పుట్టినరోజంటే ప్రభుత్వాస్పత్రిలో పళ్ళు, బ్రెడ్డు పంపిణీ. మర్నాడు జిల్లా పేజీలో ఫోటో. మంచం మీద ఒక పెద్దాయన, ఆయన చేతిలో ఒక అరటిపండు, ఆ అరటిపండు మీద ఆరు చేతులు. ఆ పెద్దాయన ఎందుకు ఆస్పత్రిలో ఉన్నాడో ఆ ఆరుగురిలో ఒక్కరికీ తెలీదు. ఆపరేషన్‌కి ముందు ఏమీ తినకూడదని ఉంచిన మనిషి కావచ్చు. షుగరు మూడు వందలు దాటి ఇన్సులిన్ మీద ఉన్నవాడు కావచ్చు. పండు పుచ్చుకోకపోతే నాయకుడికి కోపం వస్తుందేమోనని పుచ్చుకుంటాడు, పక్కన పెడితే బాగోదని తింటాడు కూడా.

డయాలసిస్ వార్డులో ఇది మర్యాద విషయం కాదు, ప్రాణం విషయం. కిడ్నీలు పనిచేయనివాళ్ళ ఒంట్లో పొటాషియం బయటికి పోదు. అది పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. అరటిపండు, కొబ్బరినీళ్ళు, బత్తాయి రసం, అంటే రోగికి మనం ప్రేమగా పట్టుకెళ్ళే మూడూ, పొటాషియం దండిగా ఉన్నవే. ఉద్దానం సంగతి శ్రీకాకుళం కలెక్టర్ గారికి నేను చెప్పేదేముంది. కవిటి, కంచిలి, సోంపేట వైపు ఇంటికొకరు కిడ్నీ జబ్బుతో ఉన్న వీధులున్నాయి. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ ఆస్పత్రి ప్రారంభమైంది. ఆ నేలేమో కొబ్బరికీ పనసకూ జీడికీ పెట్టింది పేరు. పలకరించడానికి వచ్చిన చుట్టం ఇంటి వెనక చెట్టు నుంచి బొండాలు దింపి తెస్తాడు, చెల్లెలు గెల నుంచి అత్తం కోసి తెస్తుంది. వాళ్ళది తప్పని ఎలా అంటాం? వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. డాక్టరు ఒప్పుకున్న మేరకు ఆపిల్ ముక్కలో అనాస ముక్కలో ఇవ్వొచ్చన్న మాట కూడా చెప్పలేదు. ఇంతసేపూ నేను తీసిపారేసిన ఆపిల్ ఇక్కడ పనికొస్తుంది, ఒప్పుకోక తప్పదు.

ఆస్పత్రి అభివృద్ధి సొసైటీల్లో మీ మాటకు విలువుంటుంది. ఒక్క తీర్మానం చేయించండి. ఎవరి పుట్టినరోజైనా సరే, తెచ్చిన పళ్ళు హెడ్ నర్సుకో డైటీషియన్‌కో అప్పగించాలి, మంచాల దగ్గరికి వెళ్ళకూడదు. ఏ రోగికి ఏ పండు ఎంత అన్నది వాళ్ళు చూసుకుంటారు. మిగిలింది రోగుల వెంట వచ్చి వరండాలో పడుకున్న అటెండెంట్లకు పంచొచ్చు. వాళ్ళలో చాలామంది ఆ రోజుకు ఏమీ తిని ఉండరు, ఫోటోలో వాళ్ళు ఎప్పుడూ ఉండరు. డయాలసిస్ వార్డు గోడ మీద ఏవి తేకూడదో బొమ్మలతో ఒక బోర్డు రాయించండి. చదువు రానివాళ్ళకూ అర్థమవ్వాలి, అరటి గెల బొమ్మ, దాని మీద ఎర్ర గీత. చాలు.

జనం మిమ్మల్ని చూసి నేర్చుకుంటారు, అది మీకు తెలిసిందే. మీ క్యాంపు ఆఫీసులో ఏ వస్తువు చేతులు మారితే మండలంలో, పంచాయతీలో, పెళ్ళిలో అదే నడుస్తుంది. బొకే ఊళ్ళలోకి వచ్చింది కూడా అలాగే. పండు తిరిగొస్తే దాంతోపాటు చిన్న ఇంగితం కూడా వస్తుందని నా ఆశ. పళ్ళూడిన తాతగారింటికి వెళ్తే గట్టి జామ కాదు, మాగిన సపోటా. కడుపుతో ఉన్న అమ్మాయిని చూడ్డానికి వెళ్తే బొప్పాయి పట్టుకెళ్ళకూడదు, డాక్టరు పండిన బొప్పాయి ఫరవాలేదన్నా వాళ్ళ అత్తగారు ఒప్పుకోదు, బుట్ట మొత్తం అనుమానంలో పడుతుంది. ఒంటరిగా ఉండే రిటైర్డ్ మాస్టారికి అయిదు కిలోలు మోసుకెళ్ళి ఆయన మీద పారబోసే పని పెట్టకూడదు, నాలుగు పళ్ళు చాలు, రెండు ఇవాళ్టికి పండినవి, రెండు ఎల్లుండికి మాగేవి. మా తరం వరకు ఆడవాళ్ళకి ఇది చెప్పకుండానే తెలుసు. వాయనంలో పెట్టే అరటిపండు ఏ ఇంటికి ఎలాంటిది పంపాలో వాళ్ళు చూసి తీసేవాళ్ళు.

కార్బైడ్ సంగతి కొంచెం చెప్పాలి. కాల్షియం కార్బైడ్‌తో పళ్ళు మగ్గబెట్టడం ఆహార భద్రత నిబంధనల ప్రకారం నిషేధం. 2015లో ఉమ్మడి హైకోర్టు ఈ విషయాన్ని తనంతట తానే చేపట్టి ప్రభుత్వాలను నిలదీసింది. ఆ పొడిలో ఆర్సెనిక్, భాస్వరం జాడలుంటాయి. దానికి బదులు ఇథిలిన్ వాయువును పరిమితికి లోబడి వాడుకోవచ్చని 2016లోనే ఆహార భద్రతా ప్రాధికార సంస్థ అనుమతించింది. అందుకు వేరే గదులున్నాయి. మీ గేటు దగ్గర బల్ల వేసిన రోజు ఆహార భద్రత అధికారిని కూడా కూర్చోబెట్టండి. కలెక్టరేట్ బల్ల దగ్గర పండును పరీక్షిస్తారట అన్న మాట బజారులో పాకితే, ఆ వారం పట్టణం మొత్తానికి మంచి పండు దొరుకుతుంది. జనవరిలో మామిడి లేదు కాబట్టి బెడద తక్కువ. అరటి, బొప్పాయిల మీద కన్ను వేయమనండి. తొక్క అంతా ఒకే పసుపు, కాడ మాత్రం పచ్చగా ఉన్న అరటిపండును మా ఇంట్లో అయితే కొనరు.

బుట్టల మాట. గంపలు, జల్లలు, తట్టలు అల్లే మేదరవాళ్ళు చాలా జిల్లా కేంద్రాల్లో ఒక వీధి చివర ఇంకా ఉన్నారు. పెళ్ళిళ్ళ సీజన్‌లో తప్ప వాళ్ళ దగ్గరికి ఎవరూ పోవడం లేదు, ఆ పెళ్ళిళ్ళకీ ప్లాస్టిక్ ట్రేలు వచ్చేశాయి. హాస్టళ్ళకు పళ్ళు మోయడానికి కావలసిన పెద్ద గంపలు సంక్షేమ శాఖ తరఫున వాళ్ళ దగ్గరే కొనిపించండి. అవి ఏటా పనికొస్తాయి. ఇచ్చిన బుట్టను తిరిగి ఇచ్చేయడం మన పద్ధతి, పండు తీసుకుని బుట్టలో చిటికెడు పసుపో రెండు తమలపాకులో వేసి వెనక్కి పంపేవాళ్ళు. గేటు దగ్గరా అలాగే, పళ్ళు గంపలో పోసుకుని సంచి మనిషికి ఇచ్చేయండి.

హాస్టల్‌కి బండి వెళ్ళేటప్పుడు ఫోటోగ్రాఫర్‌ని పంపకండి. పళ్ళు కడిగి, లెక్క చూసి, రాత్రి భోజనం తర్వాత పెట్టమని వార్డెన్‌కి చెబితే సరిపోతుంది. పిల్లలకు ఇవి కలెక్టర్ గారు పంపారని కూడా చెప్పక్కర్లేదు. చెబితే లేచి నిలబడి చప్పట్లు కొట్టమంటారు.

చివరగా తేదీ విషయం. ప్రకటన డిసెంబర్ 25 లోపే వెళ్ళాలి. 30న చెబితే అప్పటికే పట్టణంలో బొకేల ఆర్డర్లు ఇచ్చేసి ఉంటారు. మావాళ్ళ సంగతి నాకు తెలుసు, ఇచ్చిన అడ్వాన్సు వదులుకోరు. ఒక చేత్తో బొకే, ఇంకో చేత్తో జామపళ్ళ సంచి పట్టుకుని మీ వరండాలో నిలబడతారు.

ఇట్లు,
రెవెన్యూ శాఖ విశ్రాంత ఉద్యోగి